అతను అలా అనలేదు

సోమవారం పొద్దున తొమ్మిదైతే ఆ ఇంట్లో జరిగేది ఒకటే. మోహన్ ఆఫీస్‌కి వెళ్లగానే దేదీప్య రెండు కప్పుల కాఫీ పట్టుకొచ్చి, ఆదివారం రికార్డు చేసిన క్రైమ్ సీరియల్ పెడుతుంది. అత్తగారు ధనమ్మ శాలువా కప్పుకుని సోఫాలో సర్దుకుంటుంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆరు నెలల వీసా మీద అమెరికాలోని ట్రాయ్ వచ్చిన దగ్గర్నుంచి కోడలే పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెబుతోంది.

ఆ కథలో ఒక కస్టమ్స్ ఆఫీసరున్నాడు. పైకి పెద్దమనిషి, లోపల స్మగ్లర్ల మనిషి. తాను తప్పించుకోవడానికి భార్య తమ్ముణ్ణే జైలుకు పంపాడు. పాపం, ఆ సంగతి భార్యకు తెలియదు. అయినా ధనమ్మకు వాడంటే ప్రాణం. “కంటిమీద కునుకు లేదు చూడు వాడికి. అంతా సంసారం కోసమే కదా!” అని కొంగుతో కళ్లొత్తుకునేది. దాచడమెందుకు, దేదీప్య కూడా వాడికోసం ఏడ్చింది. పోలీసులు వాడి గుమ్మం దాకా వచ్చిన రోజున ఆమెకు అన్నం సయించలేదు.

అదంతా మొన్న శుక్రవారం దాకా.

శుక్రవారం యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. మూడేళ్ల తర్వాత ఈ ఏడాది మాస్టర్స్‌కి ఆమె మళ్లీ అప్లై చేసింది. “2008లో మేమిచ్చిన సీటు వద్దని మీరే రాశారు. కారణమేమిటో గురువారంలోగా తెలపండి. లేకపోతే మీ అప్లికేషన్ చూడలేము” అని ఉంది అందులో. దేదీప్య ఆ మెయిల్ రెండుసార్లు చదివింది. సీటు రాలేదనే కదా అప్పుడు మోహన్ చెప్పింది! వీసా కాగితాలప్పుడు ఆమె పేరున ఈమెయిల్ తెరిచింది అతనే, పాస్‌వర్డ్ పెట్టింది అతనే, వచ్చినవి చూసిందీ అతనే. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యలకు మొగుళ్లంతా అలాగే తెరిచిపెట్టేవారు కాబట్టి ఆమెకు వింతగా తోచలేదు. పాత మెయిళ్లు వెతికితే దొరికింది, తన పేరుతో తాను రాయని ఉత్తరం.

మూడేళ్లు! తనకే తెలివి చాలలేదనుకుని మూడేళ్లు కుమిలిపోయింది.

మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. తన పాస్‌వర్డ్ మార్చేసుకుంది. అతని పాస్‌వర్డ్ ఏమిటో ఆమెకు తెలుసు, అన్నిటికీ ఒకటే పెడతాడు. శనివారం అతని మెయిల్ తెరిస్తే, టీం లీడ్‌గా తీసుకుంటామని మేనేజర్ పంపిన ఆఫర్ కనిపించింది. సోమవారం మధ్యాహ్నంలోగా జవాబివ్వాలట. “ధన్యవాదాలు, నాకు వద్దు” అని అతని పేరుతో శుభ్రంగా రాసి, పంపకుండా డ్రాఫ్ట్‌లో ఉంచింది. రెండ్రోజులుగా అతనికి దోసెలు వేసి పెడుతూ, ఆ డ్రాఫ్ట్‌ను తలుచుకుని కడుపులో మంట చల్లార్చుకుంటోంది.

ఈ సోమవారం మాత్రం మంచు విపరీతంగా పడి ఆఫీసు మూసేశారు. మోహన్ కూడా కాఫీ కప్పుతో వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు.

“ఏంటమ్మా, మీ హీరో ఏం చేస్తున్నాడు?”

తెరమీద భార్యకు నిజం తెలిసిపోయింది. కస్టమ్స్ ఆఫీసరు ఆమె ముందు మోకరిల్లి ఏదో చెబుతున్నాడు.

“ఏమంటున్నాడే దీపూ?” అని ధనమ్మ కోడల్ని అడిగింది.

“పెళ్లాం తనను మించిపోతుందని కుళ్లుకుని ఈ పని చేశానంటున్నాడు అత్తయ్యా.”

“అదేంటే? మొన్నటిదాకా మంచివాడే కదా!”

“మంచివాడి వేషం వేశాడు. రోజూ ఆమె చేతి కూడు తింటూ మొహం మీదే అబద్ధమాడాడు. ఆమె పేరుతో దొంగ ఉత్తరం రాశాడు.”

మోహన్ నవ్వబోయి ఆగాడు. “దీపూ, అతను అలా అనలేదు. రాంగ్‌గా ట్రాన్స్‌లేట్ చేస్తున్నావ్.”

“అతను అనలేదు. మీరు చేశారు.”

దేదీప్య రిమోట్ నొక్కింది. మోకరిల్లిన మనిషి అలాగే ఆగిపోయాడు.

“యూనివర్సిటీ వాళ్లు రాశారు. 2008లో సీటు నేనే వద్దన్నానట!”

మోహన్ కప్పు కింద పెట్టాడు. “అది... లేఆఫ్స్ టైమ్ దీపూ. ఎక్కడికి రీలొకేట్ అవ్వాలో కూడా తెలీదు. ఫ్యామిలీ కోసమే డిసైడ్ చేశాను. నీకోసమే.”

“అలాగా! మీ మెయిల్‌లో ఒక డ్రాఫ్ట్ ఉంది, చూసుకోండి. టీం లీడ్ నాకొద్దని మీ మేనేజర్‌కి. సెండ్ నొక్కడమే మిగిలింది. నేనూ ఫ్యామిలీ కోసమే రాశాను. మీకోసమే.”

“పిచ్చి పట్టిందా? అది నా కెరీర్!”

“మరి నాదో?”

మోహన్ దిక్కుతోచక తల్లివైపు చూశాడు. కొడుకు అలా చూస్తే వెనకేసుకురాని రోజు ధనమ్మ జీవితంలో లేదు. ఈసారి ఆవిడ శాలువా తీసి పక్కన పెట్టింది.

“టీవీలోవాడి మాటలు నాకర్థం కావురా. నువ్వు మాట్లాడేది తెలుగేగా. నిజం చెప్పు.”

అతను నేలచూపులు చూస్తూ అన్నాడు. “భయమేసిందమ్మా. ఆ నెల మా టీంలో సగం మందిని తీసేశారు. నా ఉద్యోగం ఊడి, తను చదువుకుని పైకొస్తే... తన ముందు చిన్నబోతాననిపించింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.”

రెండ్రోజులుగా దేదీప్య ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. తీరా వచ్చాక సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. తాను కుళ్లు అనుకున్నది భయమని తెలిసినా, పోయిన మూడేళ్లు తిరిగి రావు కదా.

“లేవండి. యూనివర్సిటీకి మీ పేరుతో మీరే రాయండి,” అంది కళ్లు తుడుచుకుని.

డైనింగ్ టేబుల్ దగ్గర అతను టైప్ చేస్తుంటే వెనక నిలబడి ప్రతి వాక్యమూ చదివింది. ‘పొరపాటు’ అని రాసినచోట కొట్టేయించి ‘అబద్ధం’ అని రాయించింది. ఆ ఉత్తరం వెళ్లాకే మేనేజర్ డ్రాఫ్ట్ తీసేయనిచ్చింది.

తిరిగొచ్చేసరికి ధనమ్మ ఆగిపోయిన బొమ్మనే చూస్తూ ఉంది.

“అయితే వాడు నిజంగా ఏమన్నాడే?”

దేదీప్య సీరియల్ వెనక్కి తిప్పి, మళ్లీ శ్రద్ధగా విని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“‘ఇదంతా నీకోసమే చేశాను’ అంటున్నాడు అత్తయ్యా.”

ధనమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అబద్ధం,” అంది.