డాక్టరు గంట

"నువ్వు చెప్పాల్సింది ఒక్క మాటే, రడ్‌కిన్. రమ్మనో, వద్దనో."

లండన్‌లోని కిటికీల్లేని గదిలో చీఫ్ బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగించాడు. అర్జెంటీనా సైన్యం ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమించి వారాలు గడిచాయి. శుక్రవారం తెల్లవారుతూనే ఆరువందల మంది బ్రిటిష్ సైనికులు గానెట్ రేవులో దిగాలి. అక్కడ మందుపాతరలు లేవని శత్రు కార్యాలయంలో దుబాసీగా ఉన్న మన మనిషి సీలియా కబురంపింది. ఆ మాట నిజమో కాదో ఏజెంట్ అలెక్ రడ్‌కిన్ తేల్చాలి.

"అక్కడి డాక్టరు రోజూ రేడియోలో రోగులతో మాట్లాడతాడు. అందులో చెప్పు. పది నుంచి పదకొండు దాకా మన ఓడ వింటూ ఉంటుంది. మోకాలు వాచిందంటే వస్తాం. మొలలంటే రాం."

"మొలలా, సార్?"

"శత్రువుకి అనుమానం రాదు. నీకు సిగ్గేస్తుంది, అంతే."

గురువారం ఉదయం పదీ నలభై. గొర్రెలకాపరి వేషంలో అలెక్, ఎఫీ క్లాస్బీ వంటింట్లో కూర్చున్నాడు. తనకేమైనా అయితే కబురు ఆగకూడదని ఆ అరవై ఏళ్ల రైతమ్మకి రెండు రోగాల సంగతీ ముందే చెప్పి ఉంచాడు. పొయ్యిలో పీట్ అనే బొగ్గుమట్టి గడ్డలు కాలుతున్నాయి. అలమారు మీది రేడియోలో డాక్టరు ఒక్కో పొలాన్నీ పిలిచి రోగం అడుగుతున్నాడు. మామూలు ప్రకారం దీవులన్నీ టీ కప్పులతో చెవులు రిక్కించి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. ఎర్ర స్కార్ఫ్, చూపు తిప్పుకోనివ్వని ముఖం.

"ఈ ఏడు ఊలు ఎలా ఉంది?" అన్నాడు అలెక్.

"తడిసింది. తెల్లగానే ఉంది." కోడ్ సరిపోయింది. సీలియా కూర్చుంది. "గానెట్ రేవు ఖాళీ. నలభై మంది కుర్రాళ్లు, చలికి వణుకుతున్నారు. నేను పుట్టింది ఆ పక్కనే. పదిహేనేళ్లదాకా అక్కడే పెరిగాను. నన్ను నమ్మండి."

అలెక్ మైకు వైపు చెయ్యి చాచాడు.

"...ఆ సెగ్గడ్డ సరిగ్గా ఎక్కడమ్మా, బెల్లా?" అంటున్నాడు డాక్టరు.

సీలియా లేచి రేడియో గొంతు తగ్గించింది. "పాపం! పరాయివాళ్ల రోగాలు మనం వినడమేంటి?"

ఎఫీ చేతిలో కెటిల్ ఆగిపోయింది.

"అబ్బాయ్, ఈ పిల్ల ఇక్కడ పుట్టలేదు. బెల్లా సెగ్గడ్డ దగ్గర రేడియో తగ్గించే మనిషి ఈ దీవుల్లో పుట్టలేదు!"

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు వచ్చింది. అలెక్ పక్కటెముకలకి ఆనింది.

"ఇవి ఫాక్‌లాండ్ కాదు, మాల్వినాస్. మావి," అంది సీలియా. "రేవంతా మందుపాతరలే. వాటి వెనక కందకంలో నా తమ్ముడున్నాడు. పంతొమ్మిదేళ్లు. మీవాళ్లు వాణ్ణి చేరకుండా ఒడ్డునే చావాలి."

పదీ యాభై ఎనిమిది. ఆరువందల మంది.

"ఎఫీ!" రేడియో సన్నగా పిలిచింది. "నీ దగ్గెలా ఉంది? వింటున్నావా?"

"పలకకపోతే ఇక్కడేదో జరిగిందని వింటున్నవాళ్లందరికీ తెలిసిపోతుంది," అంది ఎఫీ నింపాదిగా.

"మామూలుగా మాట్లాడు. ఒక్క మాట ఎక్కువైతే వీడు పోతాడు."

ఎఫీ మైకు అందుకుంది. "దగ్గుకేం, దుక్కలా ఉంది డాక్టర్. మా కాపరికే మొలలు. పాపం, కూర్చోలేడు, నిలబడలేడు. నిన్న చూస్తే..."

చూసిందంతా వివరించింది. సీలియా చెవులు ఎర్రబడ్డాయి. మర్యాద తెలిసిన మనిషి, తల పక్కకి తిప్పుకుంది. అలెక్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. గుండు పొయ్యి మీది మటన్ గిన్నెలో దిగింది. గడియారం పదకొండు కొట్టింది.

సైన్యం మరో రేవులో దిగింది. అక్కడా కుర్రాళ్లు చనిపోయారు, రెండు వైపులా. అలెక్ ఆ శవాల్ని చూశాడు. తను గెలిచానని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

యుద్ధం ముగిశాక, సీలియాని బంధించిన బ్రిటిష్ ఓడలోని ఖైదు గదికి వెళ్లి ఆమెకి చెప్పాడు: "గానెట్ రేవులో యుద్ధమే జరగలేదు. మీ తమ్ముడికి రెండు కాలివేళ్లు పోయాయి. బతికే ఉన్నాడు."

ఆమె అతని వైపు తిరిగింది. "ఆ ముసలమ్మ రేడియోలో చెప్పినదానికి అర్థమేంటి?"

"రావద్దని."

సీలియా ముఖం కప్పుకుని ఏడ్చింది.

అలెక్ ఇప్పటికీ ఏటా ఆ దీవులకి వెళ్తాడు. అతను ఏ ఇంట అడుగుపెట్టినా, ఎవరూ ఏమీ అనకుండానే, కుర్చీలో మెత్తటి దిండు వేస్తారు.