వకుళ వస్తోందట

భోజనాల గదిలో గోడ నిండా ఉన్న స్క్రీన్ మీద ఒక చెట్టు కొమ్మలు రాల్చుకుంటోంది. నిన్న మొదలుపెట్టినప్పుడు దానికి నలభై ఒక్క లక్షల కొమ్మలు. పొద్దున్న టిఫిన్ల వేళకి తొమ్మిది వేలు మిగిలాయి. ఇప్పుడు మూడు వందలు కూడా లేవు.

"భోజనాల వేళలోపే తేలిపోతుందండీ," అన్నారు డాక్టర్ ఫణిభూషణ్, ఉప్మా ప్లేటు పక్కన పెట్టి. "వకుళ పుకారు ఏ నోట పుట్టిందో ఆ నోటి దగ్గరికే వెళ్ళి ఆగుతుంది మన మెషిన్."

బల్లల చుట్టూ చేరినవాళ్ళు తలో మాటా అంటున్నారు. ప్రొడ్యూసర్ బావమరిది పనే అని ఒకరు, వకుళే పుట్టించుకుని ఉంటుందని ఇంకొకరు. మంచినీళ్ళ కుళాయి దగ్గర నిలబడ్డ హైమవతి మాత్రం నోరు విప్పలేదు. ఫిల్టర్ మార్చడానికి వచ్చింది ఆమె. మార్చి పది నిమిషాలైంది. మళ్ళీ విప్పి, మళ్ళీ బిగిస్తోంది.

ఆ నోరు ఎవరిదో ఆమెకి తెలుసు. తనదే.

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఎప్పుడూ ఎండ పడని గుంటల్లోంచి మంచు తవ్వి నీళ్ళు చేసే కేంద్రం అది. అక్కడ ఉండేది పధ్నాలుగు మంది. హైమ ఆ నీళ్ళ ప్లాంటు ఇంజనీరు. రెండేళ్ళ పనికని వచ్చింది. తన స్థానంలో రావాల్సిన మనిషికి ట్రైనింగ్ పూర్తికాక మూడో ఏడు కూడా సగం గడిచింది. మూడుసార్లు పరీక్షించనిదే గ్లాసుడు నీళ్ళు ఎవరి చేతికీ ఇవ్వదని ఆమెకి 'అనుమానం హైమ' అని పేరు. ఆ పేరుకి ఆమె బాధపడదు. కాకినాడలో పెద్దకూతురు లిఖితకి పదిహేను, చిన్నది పూర్ణకి తొమ్మిది. వానలో తడిసొస్తే ముందు తల తుడవాలా కాళ్ళు తుడవాలా, బాల్కనీ గ్రిల్ మరలు ఎన్నాళ్ళకోసారి బిగించాలి, అన్నీ రాసి భర్తకి పంపింది. ఆయన ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాడు.

ఫణిభూషణ్ కట్టిన మెషిన్ పేరు మూలసూచి. దాని అవసరం ఇక్కడే పుట్టింది. కేంద్రంలో ఆరు వేల సెన్సర్లున్నాయి. ఒకటి తప్పు చెబితే దాన్ని నమ్మి ఇంకోటి, ఆ రెంటినీ నమ్మి అరవై అదే పాట పాడతాయి. పోయినేడు గాలి లీకవుతోందని అలారం మోగితే అందరూ తొమ్మిది గంటలు సూట్లు వేసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే వంటగది పొయ్యి వెనక ఒక థర్మామీటర్ పాడైంది. మొదట చెప్పింది ఎవరో కనిపెట్టే మెషిన్ కావాలనుకున్నారు ఆయన.

అది పనిచేసే పద్ధతి కష్టమైనదేం కాదు. క్లాసులో ఇరవైమంది ఒకే లెక్కని ఒకే తప్పుతో చేస్తే, ఎవరి పేపర్ చూసి ఎవరు రాశారో మాస్టారికి తెలిసిపోతుంది. తప్పులు కూడా కాపీ అవుతాయి కాబట్టి. మూలసూచి చేసేదీ అంతే. ఒక మాట చేతులు మారినప్పుడల్లా దానికి తగిలిన దెబ్బల్ని బట్టి, ఏది ముందుదో ఏది తర్వాతదో పేర్చుకుంటూ వెనక్కి నడుస్తుంది. దానికి నేర్పడానికి లక్షల నోళ్ళలో నానిన మాట ఒకటి కావలసివచ్చింది. సెన్సర్లు అంత మాట్లాడవు. అందుకని ఫణిభూషణ్ భూమి మీది గొడవొకటి ఎంచుకున్నారు.

'రేవు నంబర్ తొమ్మిది' అనే క్రైమ్ సీరియల్ గొడవ అది. ఓడరేవులో ఒక చిన్న పోలీస్ స్టేషన్, సీజన్‌కో హత్య. మూడో సీజన్ చివర్లో సి.ఐ. దమయంతి లాంచీ ఎక్కి సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ వేషం వేసిన నటి కూడా ఇక చెయ్యనంది. మరి నాలుగో సీజన్లో ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? సగం మంది తేజోవతి అన్నారు. ఆ ఏడు ఏ పోస్టర్ చూసినా ఆ అమ్మాయే. మిగతా సగం వకుళ అన్నారు. పదిహేనేళ్ళ కిందట సినిమాలు మానేసి కడియంలో పూలమొక్కల నర్సరీ పెట్టుకున్న వకుళ పేరు ఎవరికి ఎలా తట్టిందో మొదట్లో ఎవరూ అడగలేదు. తర్వాత అందరూ అదే అడిగారు.

ఎలా తట్టిందో హైమకి తెలుసు.

ఆదివారం ఆదివారం ఇంటికి ఇరవై నిమిషాల కాల్. ఇక్కడి మాట అక్కడికి చేరి, అక్కడి జవాబు ఇక్కడికి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. పూర్ణ ఆ తేడా పట్టించుకోకుండా ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది. లిఖిత అలా కాదు. అన్నం తిన్నావా అంటే "ఊ". స్కూల్లో ఎలా ఉంది అంటే "బానే ఉంది". ఆ "ఊ" కోసం రెండున్నర సెకన్లు ఊపిరి బిగబట్టి కూర్చునేది హైమ. అది వచ్చాక దాన్ని ఎటు తిప్పి చూసినా అందులో ఏమీ దొరికేది కాదు.

ఒక ఆదివారం ఇంకా పదకొండు నిమిషాలు మిగిలాయి, అడగడానికి ప్రశ్నలు మిగల్లేదు. కూతురి వెనక గోడ మీద సీరియల్ పోస్టర్ కనబడింది. తనకి తెలియకుండానే అనేసింది హైమ: "నాలుగో సీజన్లో వకుళ వస్తోందట కదే." పిల్ల తల పైకెత్తింది. ఎవరు చెప్పారంది. మా కేంద్రంలో ఒకాయన పిన్ని కూతురు ఆ యూనిట్‌కి బట్టలు కుడుతుంది, ఖాకీ చొక్కాకి కొలతలు తీసుకుందట, అంది హైమ. అలాంటి పిన్నీ లేదు, కూతురూ లేదు. వకుళ పేరు కూడా హైమ కాలేజీ రోజుల్లో అభిమానించిన పేరు కాబట్టే నోటికొచ్చింది.

మిగిలిన పదకొండు నిమిషాలూ లిఖిత ఒక్కతే మాట్లాడింది. ఆ వయసులో ఆవిడేంటమ్మా అంది. అంతలోనే, కాదులే, ఆ కళ్ళు చాలు, లాకప్‌లో వాడు చూసి చస్తాడు అంది. నవ్వింది కూడా. హైమ ఆ వారమంతా ఆ నవ్వుని తలుచుకుంటూ పనిచేసింది.

లిఖిత ఆ మాటని ఫ్యాన్స్ గ్రూపులో పెట్టింది. మర్నాటికి బట్టలు కుట్టే అమ్మాయి కాస్ట్యూమ్ డిజైనర్ అయింది. నాలుగో రోజుకి యూనిట్‌లో ముఖ్యులు అయింది. పదో రోజుకి విశ్వసనీయ వర్గాలు. తేజోవతి పక్షం వాళ్ళు నర్సరీ ముసలమ్మ అని వెక్కిరిస్తే, వకుళ పక్షం వాళ్ళు ఆ పిల్లకి పిస్తోలిస్తే లిప్‌స్టిక్ అనుకుంటుందని తిప్పికొట్టారు. హైమ వారమంతా ఆ గ్రూపు చదివేది. ఆదివారం ఇరవై నిమిషాలూ తల్లీకూతుళ్ళకి చాలేవి కావు. ఏడు నెలలు అలా గడిచాయి. ఇది అబద్ధమని చెప్పెయ్యాలని ప్రతి శనివారం అనుకునేది. ప్రతి ఆదివారం కూతురి మొహం చూసి వాయిదా వేసేది.

భోజనాలకి ముందే చెట్టు మొదలు ఒక్కటే మిగిలింది. స్క్రీన్ మీద ఒక పేరు, ఒక ఊరు. లిఖిత, కాకినాడ.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటిపేరు లేదు కాబట్టి అది ఎవరి పిల్లో ఎవరికీ తట్టలేదు. సోమవారం నుంచి మూలసూచి భూమి మీద ప్రతి ఫోన్లోకీ వెళుతుందని, మచ్చుకి మొదట చూపించేది ఈ చెట్టునేనని చెప్పారు ఫణిభూషణ్. అంటే సోమవారానికి లక్షలమంది ఒక పదిహేనేళ్ళ పిల్లని అబద్ధాలకోరు అంటారు. హైమ చేతిలో స్పానర్ జారి, ఇక్కడి బరువుకి తగ్గట్టు మెల్లగా నేల మీద పడింది.

అందరూ వెళ్ళాక ఆయన దగ్గరికి వెళ్ళింది.

"డాక్టర్‌గారూ, మీ చెట్టుకి ఒక వేరు తక్కువైంది."

"అయ్యుండదే. రాసిన ప్రతి మాటా చూసింది."

"రాసినవే చూసింది. అది మా అమ్మాయి. దానికి చెప్పింది నేను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఫణిభూషణ్ చాలాసేపు ఆమెనే చూశారు. అందులో కోపం లేదు. ఇన్నేళ్ళు వెతికిన జంతువు ఎదురుగా వచ్చి కూర్చుంటే చూసినట్టు చూశారు. ఇంత పెద్ద పుకారుకి ఇంత చిన్న కారణం ఉంటుందని ఏ లెక్కలోనూ రాలేదన్నారు. పేరు మార్చడం నిమిషం పని, కానీ మార్చేముందు ఆ పిల్లకి మీరే చెప్పండి, మెషిన్ చేత చెప్పించకండి అన్నారు.

ఆదివారం హైమ తిండి సంగతీ, స్కూలు సంగతీ అడగలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. రెండున్నర సెకన్లు గడిచాయి. ఐదు గడిచాయి. పది.

"అంటే ఆ బట్టలు కుట్టే అమ్మాయి లేదా?" అంది లిఖిత.

"లేదమ్మా."

"ఆ అమ్మాయి కోసం ఎంతమందితో పోట్లాడానో తెలుసా? మా అమ్మ అబద్ధం చెప్పదని రాశాను."

"తెలుసు. చదివాను."

"ఎందుకు చెప్పావ్?"

"నువ్వు మాట్లాడతావని."

ఫోన్ పూర్ణ చేతికి వచ్చింది. పూర్ణ తన ఊడిన పన్ను చూపించింది. తర్వాత రెండు ఆదివారాలూ లిఖిత కాల్‌కి రాలేదు. చదువుకుంటోందని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు.

హైమ ఒప్పుకున్న మర్నాడే, సోమవారం, చెట్టు బయటికొచ్చింది. చెట్టు మొదలు దగ్గర హైమ పేరే ఉంది, పక్కన 'ఆధారం లేదు' అన్న ముద్ర. ఎక్కడ ఎవరు ఏ మాట చేర్చారో, ఏ మాట చేరిస్తే ఎన్ని కొమ్మలు వేసిందో ఊరూ తారీఖుతో సహా అందరికీ కనబడేలా పెట్టారు. ఇక పుకార్లకి కాలం చెల్లిందని పేపర్లు రాశాయి. జనం హైమని నాలుగు రోజులు తిట్టారు. ఐదో రోజు ప్రొడ్యూసర్లు కడియం వెళ్ళారు. ఇన్ని లక్షలమంది ఏడు నెలలు ఒక మనిషి కోసం కొట్టుకున్నాక ఇంకొకరిని పెట్టే ధైర్యం వాళ్ళకి లేకపోయింది. వకుళ ఖాకీ చొక్కాకి నిజంగానే కొలతలిచ్చింది.

ఆ వార్త విని భోజనాల గదిలో అందరూ నవ్వారు. హైమ నవ్వలేదు. లిఖిత ఇది చూసే ఉంటుంది, చూసి ఏమనుకుని ఉంటుంది? అదొక్కటే ఆలోచన. అడగడానికి పిల్ల ఎదురుగా లేదు.

మూడో శనివారం ఫణిభూషణ్ ఆమెని ప్రయోగశాలకి పిలిచారు. స్క్రీన్ మీద కొత్త చెట్టు. అప్పటికే దానికి ముప్ఫై రెండు వేల కొమ్మలు.

"నీళ్ళ ప్లాంటు హైమ ఫిబ్రవరిలో భూమికి దిగుతోందట," అని చదివారు ఆయన. "సూట్లు రిపేరు చేసే అతని అక్క చెప్పిందట. ఆమె సూటు ఇస్త్రీ చేయించి సిద్ధంగా పెట్టమన్నారట. విశ్వసనీయ వర్గాల దాకా వచ్చేసింది."

"ఫిబ్రవరి అని నేనెవరికీ చెప్పలేదు సార్. నాకే తెలీదు."

"మీరు కాదు. మొదట ఎవరో చూడండి."

లిఖిత, కాకినాడ.

చూపుడువేలితో కొమ్మలు ఒక్కొక్కటీ చూపించారు ఫణిభూషణ్. వకుళ మాట ఎక్కడెక్కడ ఊపందుకుందో సరిగ్గా అక్కడే, అవే గ్రూపుల్లో, అదే వరసలో ఈ మాట కూడా పడింది. మన చెట్టునే పాఠంలా పెట్టుకుని చదివింది మీ పిల్ల అన్నారు. పుకార్లని ఆపడానికి మెషిన్ చేశాననుకున్నాను, పెంచడం ఎలాగో నేర్పే పుస్తకం రాశానన్నమాట అన్నారు. అది మెచ్చుకోలో ఫిర్యాదో ఆయనకే తెలియలేదు. భూమి మీది ఆఫీసు నుంచి ఉత్తరం కూడా వచ్చిందట. హైమ ఫిబ్రవరిలో దిగుతోందని అందరూ అంటున్నారు, ఎవరు ఆర్డరిచ్చారో ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు, అందుకని కొత్త మనిషి ట్రైనింగ్ తొందరపెట్టాం, నిజమేనా అని అందులో అడిగారు. జవాబు సోమవారం లోపు కావాలన్నారు.

ఆదివారం లిఖిత కాల్‌కి వచ్చింది. జుట్టు కొత్తగా కత్తిరించుకుంది. హైమ ఆ సంగతి అడగబోయి ఆగిపోయింది.

"చూశావా?" అంది లిఖిత.

"చూశాను. అలా చెయ్యకూడదమ్మా. తప్పు."

"వకుళ విషయంలోనూ అబద్ధమే కదా. అందరూ అనుకుంటే ఏమైంది? పిలిచారు కదా ఆవిణ్ణి. నిన్నెవరూ పిలవట్లేదమ్మా. రెండేళ్ళన్నారు. మీ ఆఫీసుకి నాన్న ఉత్తరాలు రాశాడు, నువ్వు రాశావు. అన్నీ నిజాలే రాశారు."

హైమ స్క్రీన్‌కి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"ఈసారి ఒప్పేసుకోకు," అంది లిఖిత. "అంతే. నువ్వేం చెప్పక్కర్లేదు. ఒప్పుకోకుండా ఉంటే చాలు."

కాల్ అయిపోయాక ప్లాంటుకి వెళ్ళి ఆ రోజు నీళ్ళు పరీక్షించింది హైమ. మూడుసార్లు. నాలుగోసారి కూడా. తర్వాత ప్రయోగశాలకి వెళ్ళింది. ఫణిభూషణ్ ఆఫీసు ఉత్తరానికి జవాబు రాస్తూ తల ఎత్తారు. 'ఆధారం లేదు' అన్న ముద్ర వెయ్యాలంటే ఒక్క మీట నొక్కితే చాలు. ఆయన వేలు దాని పక్కనే ఉంది.

"ఏం రాయమంటారు హైమగారూ? నిజమా, కాదా?"

ఆమె గుమ్మంలోనే నిలబడి ఆలోచించింది. అబద్ధం కాని మాట ఒకటి దొరికేదాకా ఆలోచించింది.

"నేనూ విన్నానని రాయండి డాక్టర్‌గారూ."