ఫర్లార్న్ అనే మాట

హైమ మైకు ముందుకి వచ్చేసరికి బెంటన్‌విల్ లైబ్రరీ హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. పెద్దవాళ్ళకి స్పెల్లింగ్ పోటీ అది. ఊళ్ళో ఆఫీసుల వాళ్ళు తలా ఒకర్ని పంపించారు. హైమ టీమ్‌లో ఎవరూ ముందుకి రాకపోతే పక్క సీటు రేష్మ ఈమె పేరు ఇచ్చేసి, తను మాత్రం ముందు వరసలో కూర్చుని కప్‌కేక్ తింటోంది.

మాటలు చదివి వినిపించే అతను బల్ల వెనక ఉన్నాడు. చూడగానే మనవాడే అని తెలిసిపోయే ముఖం. బ్యాడ్జి మీద మాత్రం ‘వాట్స్’ అని ఉంది.

“ఫర్లార్న్” అన్నాడతను.

ఎక్కడో చదివిన మాటే. కానీ అతని అమెరికా నాలుక మీద ఆ ‘ఆర్’లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో హైమకి అందలేదు. అర్థం అడిగింది. ఎవరూ లేక, ఏ ఆశా లేక దిగులుగా ఉండటం అన్నాడు. ఏ భాష నుంచి వచ్చిందని అడిగింది. పాత ఇంగ్లిష్ అనీ, అసలు అర్థం ‘పోగొట్టుకున్న’ అనీ చెప్పాడు. వాక్యంలో వాడి చూపించమంది.

అతను కాగితం మీద నుంచి తలెత్తి ఆమె వంక చూశాడు. తరవాత హాలంతటికీ వినిపించేలా ఇంగ్లిష్‌లో ఒక వాక్యం చెప్పాడు: పార్కింగ్ లాట్‌లో, కార్లో ఒక్కతే కూర్చుని లంచ్ తింటున్న ఆ అమ్మాయి ఫర్లార్న్‌గా కనిపించింది.

హైమ చెవులు వేడెక్కాయి. ఆ లైబ్రరీ పార్కింగ్ లాట్‌లోనే, నీడ పట్టున కారు ఆపుకుని, రోజూ బాక్సు విప్పుకునేది తనే. ముందు వరసలో రేష్మ కప్‌కేక్ తినడం ఆపేసింది. హైమ గబగబా అక్షరాలు చెప్పేసింది. రెండో ‘ఆర్’ ఎగిరిపోయింది. గంట మోగింది.

పోటీ అయ్యాక అతను పరుగులాంటి నడకతో కారు దాకా వచ్చాడు. అసలు పేరు శ్రీవత్స అని చెప్పుకున్నాడు. అక్కడే పుట్టాడు, అక్కడే ఒక మిడిల్ స్కూల్లో ఇంగ్లిష్ చెబుతాడు. కాగితం మీద వానలో తడిసిన కుక్కపిల్ల గురించి వేరే వాక్యం ఉందిట. వేసవి సెలవుల్లో లైబ్రరీ కిటికీ దగ్గర కూర్చుని పాఠాలు రాసుకునేవాడినని, రోజూ ఆమె కారు కనిపించేదని, ఇప్పుడు ఎదురుగా ఆ ముఖమే కనిపించేసరికి కుక్కపిల్ల గుర్తు రాలేదని చెప్పాడు.

“సారీ. నువ్వు కోపంగా ఉన్నావు. ఉండాలి” అన్నాడు.

మొదటి పరిచయంలోనే ‘నువ్వు’ అన్నందుకు హైమకి ఇంకా మండింది. తెలుగులో ‘మీరు’ అనే మాట అతనికి సరిగ్గా రాదని తెలియడానికి తరవాత చాలా రోజులు పట్టింది.

“నేను ఒక్కదాన్నే తినట్లేదు. ఫోన్‌లో మా అక్క ఉంటది. మా అక్క చెప్పే వాళ్ళత్త కథలు ఉంటయి. మా కారు ఎప్పుడూ ఫుల్లే” అంది హైమ. డోర్ వేసుకుని వెళ్ళిపోయింది.

అది నిజమే. కాకపోతే పాత నిజం. ఖమ్మంలో ఉన్న అక్క, అత్తగారు పడుకున్నాక మేడ ఎక్కి ఫోన్ చేసేది. ఆమెకి పాప పుట్టాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. అక్కని తప్పుపట్టడానికి లేదు. కానీ హైమకి కార్లో కూర్చునే అలవాటు పోలేదు. మోగని ఫోన్‌ని డాష్‌బోర్డు మీద పెట్టుకుని తినేది. ఆ రాత్రంతా ఆమెని బాధించింది అతని వాక్యం కాదు, అందులో తప్పు దొరక్కపోవడం.

మర్నాడు లంచ్‌కి వేరే చోట కారు ఆపింది. రెండు రోజులు తిరిగి, నీడ ఉన్న చోటు ఇంకొకటి దొరక్క పాత చోటుకే వచ్చింది. ఆ శనివారం ఆఫీసులో పని పడి వచ్చి బాక్సు తెరిచేసరికి శ్రీవత్స కిటికీ బయట నిలబడి ఉన్నాడు, చేతిలో శాండ్‌విచ్. లైబ్రరీ కిటికీకి అవతల తనూ ఒక్కడే తినేవాడినని, ఆ సంగతి మాత్రం వాక్యంలో పెట్టకుండా దాచేశానని ఒప్పుకున్నాడు. హైమకి నవ్వొచ్చింది. పక్క సీటు మీద ఉన్న బ్యాగు తీసి వెనక పడేసింది.

అలా మొదలైంది. శనివారాలు కలిసి తినడం, ఆదివారాలు సరస్సు చుట్టూ నడవడం. అతను మాటల పిచ్చివాడు. ఫర్లార్న్‌కి తల్లిలాంటి క్రియ ఒకటి పాత ఇంగ్లిష్‌లో ఉండేదని, అది ఎప్పుడో భాషలోంచి పోయిందని, పిల్ల మాట ఒక్కటే మిగిలిందని చెప్పాడు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ పాఠం చెప్పిన రోజు ఇక సాగక క్లాసు మధ్యలోనే బయటికి వచ్చేశాట్ట. అతని తల్లి పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో తనూ, రిటైరైన డాక్టరు తండ్రీ మాత్రమే. ఆ మాట వింటున్నప్పుడు హైమ అక్క ఫోన్ల సంగతి, ఆ ఫోన్లు ఆగిపోయిన సంగతి కూడా చెప్పేసింది.

“తెలుగులో ఫర్లార్న్‌ని ఏం అంటారు?” అని అడిగాడతను.

హైమ ఆలోచించింది. ఒంటరి అంటే చాలదు. ఒంటరిగా హాయిగా ఉండేవాళ్ళూ ఉంటారు. ఏకాకి పుస్తకాల్లో మాట. చివరికి ‘బిక్కమొహం’ దగ్గర ఆగింది. జాతరలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్ల వేసే మొహం. ‘బిక్కుబిక్కుమంటూ’ అంటే అందులో భయం కూడా కలుస్తుందని చెప్పింది.

“బిక్కు, బిక్కు” అని అతను అమెరికా యాసలో పిచికలా పలికి చూసుకుంటుంటే హైమ నడవలేక బెంచీ మీద కూలబడి నవ్వింది.

చలికాలం వెళ్ళింది. అయినా ఇద్దరిలో ఎవరూ అసలు మాట అనలేదు. హైమ గురించి ఒకసారి అందరి ముందూ తొందరపడి మాట్లాడినవాడు కాబట్టి శ్రీవత్స ఇప్పుడు ప్రతి మాటా తూచి అనేవాడు. ఆ జాగ్రత్త హైమకి ఇష్టం లేకపోవడంలా కనిపించేది. స్నేహితురాలిగానే చూస్తున్నాడేమో, తను ఊహించుకుంటోందేమో అని రోజూ లోపల ఒకటే గింజులాట. రేష్మ అడిగితే అలాంటిదేమీ లేదనేది.

ఏప్రిల్‌లో ఆమె కాంట్రాక్ట్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇక్కడి ప్రాజెక్ట్ అయిపోతోంది, ఎక్కడో తూర్పు తీరాన ఉన్న ఎడిసన్‌లో కొత్త క్లయింట్ ఉన్నారు, వస్తావో రావో శుక్రవారం లోపల చెప్పమన్నారు. రానంటే వేరే ఉద్యోగం, దానితో పాటు వీసా సంగతి తనే చూసుకోవాలి. హైమ శ్రీవత్సకి చెబుదామని ఆ వారమంతా ఫోన్ చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టింది. వెళ్ళమంటాడేమో అని ఒక భయం. మొహమాటానికి ఉండమంటాడేమో అని ఇంకో భయం.

శుక్రవారం మధ్యాహ్నం ఆకాశం పచ్చటి పసరు రంగుకి తిరిగింది. ఆఫీసులో అందరి ఫోన్లూ ఒక్కసారే అరిచాయి. బయట సైరన్. టోర్నడో వార్నింగ్. అందరూ కిటికీల్లేని కారిడార్‌లోకి వెళ్ళి గోడవారగా కూర్చున్నారు. సుడిగాలి తమ మీదుగా పోలేదు. ఊరికి పడమటి పక్క నుంచి వెళ్ళింది. అక్కడ ఒక స్కూలు పైకప్పు లేచిపోయిందని ఎవరో ఫోన్‌లో చూసి చెప్పారు.

అది శ్రీవత్స స్కూలు. పేరు వినగానే హైమ లేచి నిలబడింది. ఫోన్ చేస్తే కలవలేదు. మళ్ళీ చేసింది. మెసేజ్ వెళ్ళనే లేదు. రేష్మ ఆగమంటున్నా వినకుండా కారు తీసింది.

సిగ్నల్స్ పని చేయడం లేదు. కొమ్మలు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. స్కూలుకి ఒక సందు ముందే పోలీసులు కార్లు ఆపేశారు. తెగిన కరెంటు తీగలున్నాయి, కుటుంబ సభ్యుల్ని మాత్రమే లోపలికి పంపుతామన్నారు. ఎవరి కోసం వచ్చావని ఆఫీసర్ అడిగాడు. శ్రీవత్స పేరు చెప్పింది. అతనికి నువ్వేమవుతావని అడిగాడు.

ఫ్రెండ్ అంటే వెనక్కి పంపేస్తారు. అంతకంటే ఎక్కువ అనే హక్కు తనకి ఎవరూ ఇవ్వలేదు. హైమ వానలో అలాగే నిలబడిపోయింది.

శ్రీవత్స పేరు వినిపించి వెనక నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెయిన్‌కోట్ గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుని ఉన్నాడు. ఆయన ముఖంలో శ్రీవత్స కళ్ళు ఉన్నాయి.

“హైమవి కదూ అమ్మా? మావాడి నోట్లో నీ పేరు తప్ప ఇంకో పేరు ఉండదు. నేను సూర్యప్రకాశరావుని, వాడి నాన్నని” అన్నాడు. ఆఫీసర్ వైపు తిరిగి తన పేరు చెప్పి, హైమ భుజం మీద చెయ్యి వేసి, “మై డాటర్” అన్నాడు.

ఇద్దర్నీ లోపలికి వదిలారు.

పక్కనున్న చర్చి హాల్లోకి పిల్లల్ని చేర్చారు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని పొదువుకుని తీసుకుపోతున్నారు. టీచర్లలో శ్రీవత్స లేడు. అతని క్లాసు ఉన్న వైపే కప్పు కూలిందనీ, పిల్లలందరూ బయటపడ్డారనీ, టీచర్ ఒకర్ని అంబులెన్స్‌లో తీసుకెళ్ళారనీ ఒకావిడ చెప్పింది. ఎవరో తెలియదంది. జాబితాతో తిరుగుతున్న వాలంటీర్‌కీ తెలియదు.

సూర్యప్రకాశరావు కుర్చీలో కూర్చున్నాడు. ఎంతమంది పిల్లల జ్వరాలు చూసిన చేతులో, ఇప్పుడు మోకాళ్ళ మీద ఊరికే ఉండిపోయాయి. హైమ పక్కన కూర్చుని ఒక చెయ్యి పట్టుకుంది. ఆయన ఇంకో చెయ్యి దాని మీద పెట్టాడు. ఇద్దరూ తలుపు వంకే చూస్తున్నారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ వేరే ఎవరో వస్తున్నారు. హైమ ఏడుపు ఆపుకుందామనుకుంది కానీ కాలేదు.

హాలు సగం ఖాళీ అయ్యాక శ్రీవత్స వచ్చాడు. జుట్టంతా సున్నపు పొడి, మోచేతికి గుడ్డ కట్టు. లెక్కల టీచరు కాలు విరిగితే స్ట్రెచర్ మోసి అంబులెన్స్ ఎక్కించి, తనూ ఆస్పత్రికి వెళ్ళి, ఆవిడ భర్త వచ్చేదాకా అక్కడే ఉండిపోయాట్ట.

తండ్రి లేచి వెళ్ళి కొడుకు తల మీద పొడి దులిపాడు. “తెల్లజుట్టుతో మా నాన్నలా అయిపోయావురా” అన్నాడు. చెయ్యి ఎత్తించి, వేళ్ళు కదపమని, ఎముక విరగలేదని చూసుకున్నాకగానీ వదల్లేదు.

అప్పుడు చూశాడు శ్రీవత్స హైమని. “నువ్వు ఎలా వచ్చావు?” అన్నాడు.

హైమ దానికి జవాబు చెప్పలేదు. “నన్ను ఎడిసన్ రమ్మంటున్నరు. ఇయ్యాలే చెప్పాలె” అంది.

“నువ్వు ఏం చెప్పావు?”

“ఏం చెప్పలే. నువ్వు ఒక మాట అంటవేమో అని చూస్తున్న. ఇన్ని నెలలు చూసిన.”

శ్రీవత్స తల దించుకున్నాడు. “ఒకసారి నేను నీ గురించి రాంగ్ మాట చెప్పాను. మళ్ళీ రాంగ్ అయితే నువ్వు వెళ్ళిపోతావు అని భయం.”

“అది రాంగ్ కాదు. అప్పుడు నేను అట్లనే ఉన్న” అంది హైమ. “ఇప్పుడు అడుగు.”

అతను దుమ్ము చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుని ఆమె చెయ్యి అందుకున్నాడు. “ఐ లవ్ యూ హైమ. నాతో ఉంటావా? ఇక్కడే ఉండాలి అని కాదు. ఎడిసన్‌లో కూడా స్కూల్స్ ఉంటాయి. నేను వస్తాను.”

“ఉంటా. ఎక్కడనేది రేపు చూద్దాం” అంది హైమ.

ఈలోగా వాలంటీర్ వచ్చి శ్రీవత్స పేరు కొట్టేసుకుని, ఇక ఇంటికి వెళ్ళొచ్చంది. మీ సిస్టర్ వచ్చినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉంది, ముందు ఆమెకి మంచినీళ్ళు ఇవ్వండి అని చెప్పి వెళ్ళింది.

శ్రీవత్స పట్టుకున్న చేతి వంక, తండ్రి వంక మార్చి మార్చి చూశాడు. “సిస్టర్?”

సూర్యప్రకాశరావు తప్పు పెట్టుకున్న గుండీలు విప్పుకుంటూ నిలబడ్డాడు. “నేనే చెప్పానురా. ఎవరని అడిగితే డాటర్ అన్నాను. ఇన్-లా అందామనే అనుకున్నాను, కానీ మీరిద్దరూ అనుకోకుండా నేనెలా అంటాను? ఆ ముక్క మీరే కలుపుకోండి.”

హైమ చున్నీతో ముఖం తుడుచుకుంది. “కలుపుతం అంకుల్” అంది.