అలిగిన సీసా

"ఇదే ఆఖరి పని, బాబాయ్," అన్నాడు చీఫ్.

పోయినేడాదీ ఇదే మాట. అంతకు ముందేడూ ఇదే మాట. ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే ఆ ఏజెంటు జేబులో రిటైర్మెంటు కాగితం మడతల దగ్గర చిరుగుపట్టింది. ముప్పై ఏళ్ల సర్వీసు. మోకాళ్లు రెండూ ఆయనకన్నా ముందే రిటైరయ్యాయి.

"విషయం చెప్పండి సార్."

చీఫ్ తలుపు వేశాడు. "పరాయి దేశపు ముఠా. టార్గెట్, మన ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టరమ్మ పెంచిన ఈస్టు. నిన్న ఫ్రీజర్ వైర్లు కోసేశారు. దాచిన స్టాకంతా చచ్చింది. మిగిలింది ఒక్క సీసా. ఇవాళ పది గంటలకి అదీ పోయింది. పక్కనున్న నకిలీ సీసాతో సహా."

"నకిలీ ఎందుకు?"

"దొంగని ఏమార్చడానికి నేనే పెట్టించాను."

"మరి అసలుదానికి గుర్తు?"

చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "గుర్తు పెడితే దొంగకీ తెలుస్తుందని నేనే వద్దన్నాను. ఎడమ పక్కది అసలు. అంటే, అలమరాలో ఉన్నంతసేపూ."

ఇలాంటి తెలివితేటలకి కాపలా కాస్తూనే బాబాయ్ జుట్టు నెరిసింది.

ల్యాబ్‌లో డాక్టరమ్మ ఖాళీ అలమరా ముందు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది.

"ఎండుగడ్డిలో, చొప్పలో జైలోజ్ అనే చక్కెర ఉంటుంది," అంది. "మామూలు ఈస్టు దాన్ని ముట్టదు. మనం తిన్నా సగం ఒంటబట్టకుండానే పోతుంది. ఆవు పొట్టలో క్రిములు మాత్రం హాయిగా తింటాయి. నేను ఏనుగు పేగుల్లో ఉండే ఒక బూజు నుంచి జన్యువు తీసి ఈస్టుకి పెట్టాను. ఇప్పుడది గడ్డి చక్కెరతో ఇంధనం చేస్తుంది. పధ్నాలుగేళ్లు పట్టింది నాయనా. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు."

ఓపిక లేకపోవడమంటే ఏమిటో బాబాయ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడ మీద నిజంగా జాలేసింది.

"చూసి గుర్తుపట్టడం ఎలాగమ్మా?"

"చూస్తే తెలీదు. పొద్దున రెండు సీసాల్లోనూ రెండు చక్కెరలూ కలిపి పోశాను. రెండూ ముందు గ్లూకోజే తింటాయి, బుడగలు వదుల్తాయి. అది అయిపోగానే రెండూ ఆగిపోతాయి. నకిలీది మామూలు ఈస్టు, దానికి ఇక పస్తే. మనది మాత్రం గంటో గంటన్నరో కొత్తల్లుడిలా అలిగి కూర్చుంటుంది. ఆకలి ముదిరాక జైలోజ్ మొదలుపెడుతుంది."

అప్పుడే బాబాయ్ ఫోన్ మోగింది. అవతల ఒక ఆడగొంతు.

"బావా, స్టేషన్లో వెయిటింగ్ రూమ్. మూడున్నరకి. ఒక్కడివే."

పదేళ్ల క్రితం ఒక మిషన్‌లో ఆమె, బాబాయ్ బావామరదళ్లుగా వేషం కట్టారు. మిషన్ ముగిసింది, పిలుపు మిగిలింది. ఆ తర్వాత ఆమె ఈ దేశానికీ, ఆ పరాయి దేశానికీ పనిచేయడం మొదలుపెట్టింది. ఫైళ్లలో ఆమె కోడ్‌నేమ్ సిల్క్.

బాబాయ్ స్వీపరు వేషంలో వెళ్లాడు. డిపార్టుమెంటు ఇచ్చిన కెమెరా పెన్నులో బ్యాటరీ లేదు.

"చీపురు తిరగేసి పట్టుకున్నావు బావా," అంది సిల్క్. నల్ల కోటు, ఎర్రటి పెదవులు, ఒళ్లో తోలు బ్యాగు. "కూర్చో. మీవాళ్లెవరైనా కదిలారో, ఈ బటన్ నొక్కుతాను. బ్యాగులో యాసిడ్ ఉంది. రెండు సీసాలూ గోవిందా."

బ్యాగు తెరిచి చూపించింది. మూతల మీద, లోపలి గాలి బుడగలుగా బయటికొచ్చేందుకు నీళ్లు నింపిన వంపు గొట్టాలు. రెండు సీసాలూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఒక్క దాంట్లోనూ బుడగ లేదు.

"మధ్యాహ్నం రెండూ బుసబుసా పొంగాయి. పరీక్షించాకే తెచ్చాను. నాకు ఇద్దరు యజమానులు, దేవుడు సరిగ్గా రెండు సీసాలిచ్చాడు. వాళ్లకొకటి, మీకొకటి. నువ్వంటే అభిమానం కాబట్టి ముందు నువ్వే తీసుకో."

ఒకటి నకిలీ అని ఆమెకి తెలీదు. బాబాయ్ ముఖం మాత్రం ఎప్పటిలాగే నీరసంగా ఉంది. ముప్పై ఏళ్లలో ఆయన సంపాదించిన ఆస్తి ఆ ముఖమే.

"బుడగలెప్పుడు ఆగాయి?"

"మూడింటికి. తిని పడుకున్నాయి. నా రైలు నాలుగూ పదికి. త్వరగా తేల్చు."

"తీసుకుంటాలే. కాసేపు కూర్చోనీ, మోకాళ్లు పట్టేశాయి."

కూర్చున్నాడు. మోకాళ్ల గురించి చెప్పాడు. డాక్టరు రాసిన తైలం గురించి చెప్పాడు. అది రాస్తే మంట, మానేస్తే నొప్పి. చీఫ్ గురించి, ఆగిపోయిన ప్రమోషన్ గురించి చెప్పాడు. చెబుతూ కంటికొసల్లోంచి గొట్టాల వైపే చూశాడు. నాలుగైంది. ఏమీ లేదు.

"నువ్వు నిజంగా ముసలాడివైపోయావు బావా," అంది సిల్క్. గొంతులో నిజమైన దిగులుంది.

"అవునమ్మా. అలిసిపోయాను." ఆ రోజు ఆయన ఆడిన మాటల్లో అది అచ్చమైన నిజం.

నాలుగూ ఎనిమిది. ప్లాట్‌ఫామ్ మీద రైలు కూత పెట్టింది. సిల్క్ లేచింది. "ఇక నేనే ఇస్తాను. ఇదిగో, ఎడమది పట్టుకో."

ఆమె చెయ్యి ఎడమ సీసా మీద పడింది. అప్పుడు కుడి గొట్టంలో నీళ్లు సన్నగా కదిలాయి. ఒక బుడగ పైకొచ్చి పగిలింది.

"ఆ కుడిదివ్వు," అన్నాడు బాబాయ్ ఆవలిస్తూ. "ఎడమ మోకాలే ఎక్కువ నొప్పి. ఇవాళ ఎడమ అంటేనే అచ్చిరావట్లేదు."

ఆమె నవ్వింది. కుడి సీసా ఇచ్చి పరుగెత్తింది. రైలు కదిలింది. బాబాయ్ సీసాని చొక్కా లోపల దాచుకుని అక్కడే పావుగంట కూర్చున్నాడు.

డాక్టరమ్మ సీసా అందుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని ఉండిపోయింది.

"శభాష్," అన్నాడు చీఫ్ మర్నాడు. "పాపం, ఆ ముఠా ఇప్పుడేం చేస్తుందో."

"రొట్టెలు చేసుకోవచ్చు సార్. బాగా పొంగుతాయి." బాబాయ్ రిటైర్మెంటు కాగితం బల్ల మీద పెట్టాడు.

చీఫ్ దాన్ని సొరుగులో వేసి, పైసొరుగులోంచి కొత్త ఫైలు తీశాడు. "ఇంకొక్కటి, బాబాయ్. ఇదే ఆఖరిది."

బాబాయ్ గంటసేపు అలిగి కూర్చున్నాడు. తర్వాత ఫైలు తెరిచాడు.