చినబాబు కాలిలోని ప్లేటు

1968లో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ దగ్గరపడిన రోజులు. విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివు గోవిందరావు పొద్దున రెండో కాఫీ తాగుతుండగా, ఎముకల డాక్టరు జగన్నాధం చెప్పులు విప్పడం కూడా మరచి లోపలికి వచ్చాడు. చేతిలో ఎక్స్‌రే ఫిల్ము ఉంది.

"ఎముకకి నేను బిగించిన ప్లేటు మాయమైపోయింది గోవిందరావు గారూ. నన్ను మోసగాడంటున్నారు," అన్నాడు.

గోవిందరావు ఫిల్మును కిటికీ వెలుగులో పట్టి చూశాడు. మేక ముందుకాలి ఎముక. ప్లేటు లేదు, మరలు లేవు, వాటి చిల్లులైనా లేవు. సహాయకుడు కొండబాబు కూడా తొంగిచూసి, ఏమీ బోధపడకపోయినా గంభీరంగా తల ఊపాడు. గురువుగారి పక్కన బోధపడినట్టు కనిపించడం అతని ఉద్యోగంలో సగం.

కాఫీ కడుపులో పడ్డాక డాక్టరు కుదుటపడి సంగతి చెప్పాడు. విరిగిన ఎముకకి స్టీలు ప్లేటు బిగిస్తే, ఒంట్లోని ఉప్పునీరు దాన్ని మెల్లగా తినేస్తుంది. చీము పడుతుంది. మళ్ళీ కాలు తెరవాలి. ఆవకాయను ఇనప డబ్బాలో పెట్టం, జాడీలో పెడతాం కదా అని ఆయనకు తోచింది. ప్లేటు మీద పలచగా పింగాణీ పూత పూసి, కొలిమిలో కాల్చి, నిరుడు ఒక నల్ల మేకపోతు కాలికి బిగించాడు. ఇవాళ దాన్ని తీసి, పూత చెక్కుచెదరలేదని విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద డాక్టరు నరసింగరావుకి చూపించాలి. ఆయన సరేనంటే, మిల్లులో తొడ విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో పడివున్న లక్ష్ముడికి మొదటి ప్లేటు వేస్తారు. కాదంటే ఇన్నాళ్ళ శ్రమా, పేరూ రెండూ గంగలో కలిసినట్టే. ఆయన సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాడు.

"పొద్దున చూస్తే కాలి మీద కుట్ల మచ్చ కూడా లేదు. మేకను మార్చేశారంటే ఆయన నవ్వాడు. మేకను ఎత్తుకుపోయే దొంగలున్నారు గాని, ఇచ్చిపోయే దొంగ ఎక్కడైనా ఉన్నాడా అన్నాడు. పైగా దాన్ని సాకిన మా ఆస్పత్రి పనిమనిషి అప్పలనరసమ్మే ఇదే మేకంటోంది."

"ఇవాళ్టి సంగతి ఎవరెవరికి తెలుసు?"

నిన్న సాయంత్రం వరండాలో నరసింగరావుతో "రేపు పొద్దున్నే మేకను కోస్తాం" అని తాను చెప్పినప్పుడు ఇద్దరే విన్నారన్నాడు డాక్టరు. ఒకడు విదేశీ ప్లేట్లు అమ్మే ఏజెంటు గణపతిరావు. రెండో మనిషి అరుగు తుడుస్తున్న అప్పలనరసమ్మ.

ఆస్పత్రి వెనక పాకలో మేకపోతు నిశ్చింతగా పనసాకులు నములుతోంది. గోవిందరావు దాని కొమ్ముల మధ్య వెంట్రుకలు పాయతీసి చూశాడు. వేళ్ళు పచ్చబడ్డాయి. వాసన చూసి, ఇక్కడ పసుపు వాడతారా అని అడిగాడు. అయోడిన్ తప్ప ఇంకేదీ వాడనని డాక్టరు కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

గణపతిరావును వెతకనక్కరలేకపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే వచ్చి తనకేమీ తెలియదన్నాడు.

"మేకపోతు దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళారా?"

"ఒక్కసారే వెళ్ళాను. కుమ్మి పంచె చింపింది. అప్పలనరసమ్మ తప్ప ఎవరు ముట్టుకున్నా వీధంతా వినబడేలా అరుస్తుందండీ అది."

పక్కింట్లోనే పడుకున్న డాక్టరు రాత్రి ఏ అరుపూ వినలేదట. గోవిందరావు ఆ మాట గుర్తుపెట్టుకుని అప్పలనరసమ్మను పిలిచాడు. ఆమె యాభై దాటిన మనిషి. ఏడ్చిన కళ్ళు.

"నువ్వు మేకకు పేరు కూడా పెట్టావటగా?"

"సినబాబు," అంది. ఆ పేరు చెప్పేటప్పుడు మొహం విప్పారింది.

"ఇతనేనా మరి చినబాబు?"

ఆమె కొంగు సర్దుకుంది. "ఇదే మేక బాబూ," అంది.

గోవిందరావు మరేమీ అడగలేదు. కొండబాబు చెవిలో ఏదో చెప్పి పంపించాడు.

మధ్యాహ్నం అందరూ డాక్టరు గదిలో చేరారు. నరసింగరావు గడియారం చూసుకుంటున్నాడు.

"మేకను మార్చిన మాట నిజం," అన్నాడు గోవిందరావు. "డాక్టరు గారి పేరు చెడగొట్టాలంటే సంతలో ఏ నల్లమేకయినా చాలు. కాని వచ్చింది మొక్కుబడి మేక. పసుపు రాసి పైడితల్లికి అనుకున్న పోతును ఈ ఊళ్ళో ఎవరూ అమ్మరు, దొంగైనా ముట్టడు. దాన్ని తెచ్చి కట్టగలిగింది మొక్కుకున్నవాళ్ళే. నిన్న రాత్రి చినబాబు అరవకుండా వెళ్ళింది. అంటే తెలిసిన చెయ్యే పట్టుకుంది. ఇక సాకిన మనిషి తన మేకను పోల్చుకోలేదంటే ఎవరు నమ్ముతారు? అబద్ధం చెప్పింది. అదైనా సగమే చెప్పగలిగింది. మేకంది గాని, చినబాబు అనలేదు."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ పట్టుకోకముందే ఏడ్చేసింది.

"ఎందుకు చేశావమ్మా?" అన్నాడు జగన్నాధం, నమ్మలేక.

"మీ మాట వల్లే," అన్నాడు గోవిందరావు. "కోస్తామంటే మీకు కత్తీ, కుట్టూ. మేకను కోస్తామంటే మిగతా ఊరికి కూర."

"వొండీసుకుంటారనుకున్నాను బాబూ," అంది అప్పలనరసమ్మ. "ఏడాదంతా నా సేత్తో తినిపించినాను. మా పోతుని అమ్మోరికి ఎలాగూ కోసీదే కదా అని అట్టుకొచ్చి కట్టీసినాను. తల్లీ, వొచ్చే ఏడు మరో పోతునిత్తాను, కోపం సెయ్యకు అని దండవెట్టినాను."

అంతలో ఆమె ఇంటి పెరటినుంచి కొండబాబు మేకపోతును లాక్కొచ్చాడు. అతని పంచె చిరిగివుంది. ఇక వేరే సాక్ష్యం అక్కరలేదని గణపతిరావే అన్నాడు. కొత్త ఫిల్ములో ప్లేటూ, మరలూ తెల్లగా మెరిశాయి.

జగన్నాధం కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మత్తిచ్చి, కాలు తెరిచి, ప్లేటు తీసి కుట్టేస్తానని, నొప్పి తెలియదని నెమ్మదిగా చెప్పాడు. "చెయ్యమంటావా?" అని అడిగాడు.

"కుట్టీసినాక నాకిచ్చీండి మరి."

"నీదే."

చినబాబు తల ఒళ్ళో పెట్టుకుని ఆమే కూర్చుంది. బయటికొచ్చిన ప్లేటును కడిగితే, నిన్న కొన్న జాడీలా నిగనిగలాడింది. నరసింగరావు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. పొద్దున అన్న మాటకు క్షమించమని అందరి ముందూ అడిగి, లక్ష్ముడి మంచం ఎక్కడని అన్నాడు. గోవిందరావుకి ఆ పూట కడుపు నిండినట్టయింది.

లక్ష్ముడు వీళ్ళందరినీ చూసి బెదిరి, దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు.

"రేపు పొద్దున్నే నిన్ను కో..." అని ఆగిపోయాడు జగన్నాధం. గుమ్మంలో అప్పలనరసమ్మ నిలబడివుంది.

"రేపు నీ కాలు బాగుచేస్తాం లక్ష్ముడూ," అన్నాడు.