నొప్పి లేదన్న కోడలు

పొద్దున్నే టీ పోస్తూ పోస్తూ కోడలు జీపార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. వాంతి చప్పుడు వినగానే అత్త బూరుల్ ముఖం చేటంత అయింది. పెళ్లై రెండేళ్లు. నరిన్ కొండల్లో అత్తలందరూ ఎదురుచూసే చప్పుడది. చూలు సంగతి తేలకముందే ఆవిడ మనసులో మనవడికి పేరు కూడా పెట్టేసింది.

"గుర్రప్పాల కుమీస్ తాగుతావా తల్లీ? పుల్లగా బాగుంటుంది."

"వద్దత్తమ్మా. బొడ్డు చుట్టూ కాస్త నొప్పి, అంతే."

"ఉంటుందిలే. మొదట్లో నాకూ ఇంతే."

జీపార్ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. అత్త మాటకు ఎదురు చెప్పే కోడలు ఆ ఊళ్లో లేదు. ఉన్నా ఎవరూ మెచ్చుకోరు.

మధ్యాహ్నానికి నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. పిల్ల నడుం వంచుకుని నడుస్తోంది, ఒళ్లు కాలిపోతోంది. గొర్రెల దగ్గర నుంచి వచ్చిన కొడుకు ఎర్మెక్ పెళ్లాన్ని చూసి బెదిరిపోయాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్తానమ్మా."

"చాల్లే! కడుపుతో ఉన్న పిల్ల మొదటి నెలల్లో పదిమంది కళ్లలో పడితే దిష్టి తగలదూ? ఆసుపత్రి వరండాలో ఊరంతా ఉంటుంది. గొర్రెతోలు వెచ్చచేసి కప్పుతాను, సర్దుకుంటుంది."

"దిష్టీ, దిష్టీ! నీ మనవడి కోసం నా పెళ్లాన్ని చంపుతావా?"

కొడుకు అంత గొంతు పెంచడం బూరుల్ ఎన్నడూ వినలేదు. కోపం ముంచుకొచ్చింది. అయినా కారు దాకా కోడల్ని పట్టుకుని నడిపించింది తనే. శాలువాతో పిల్ల ముఖం కప్పడం మాత్రం మరిచిపోలేదు.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ జీపార్ కడుపు కుడివైపు మెల్లగా నొక్కి, చటుక్కున వదిలింది. జీపార్ పెదవి కొరుక్కుంది.

"నొప్పా?"

జవాబుకు ముందు జీపార్ అత్త ముఖంలోకి చూసింది.

"నొప్పి నీదా, ఆవిడదా?" అని కసిరింది డాక్టరమ్మ. "నెల తప్పావా?"

"లేదండీ. పోయిన వారమే ముట్టయ్యాను. అత్తమ్మ అంత సంతోషంగా ఉంటే చెప్పలేకపోయాను."

రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చింది. "కడుపు లేదు. అపెండిక్స్ వాచిపోయింది. పగిలిందంటే చీము కడుపంతా పాకుతుంది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి."

మనవడు లేడన్న దిగులు బూరుల్‌కు ఒక్క క్షణం కలిగింది. ఆ క్షణానికే ఆవిడ సిగ్గుపడింది. తర్వాత మిగిలింది కోడలి చూపొక్కటే. ప్రాణం మీదికొచ్చినా, నొప్పి అనడానికి తన సెలవు అడిగిన చూపు. ఒకప్పుడు తనూ తన అత్త వైపు అలాగే చూసేది. ఆ అత్తా ఏనాడూ "చెప్పమ్మా" అనలేదు.

పగలకముందే అపెండిక్స్ తీసేశారు. మర్నాడు బూరుల్ కోడలి మంచం పక్కన కూర్చుంది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదత్తమ్మా. బాగానే ఉంది."

"అబద్ధాలాడకే పిచ్చి మొద్దూ!" బూరుల్ దుప్పటి సర్దింది. "కోసినచోట నొప్పి లేకుండా ఎలా ఉంటుంది? మనవడు ఎప్పుడైనా పుడతాడు, పుట్టకపోతే పోనీ. నువ్వు పోతే నిన్నెక్కణ్ణుంచి తెచ్చుకోను?"

జీపార్ ఆవిడ వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నొప్పిగా ఉందత్తమ్మా. చాలా ఉంది. నిన్న చచ్చిపోతాననుకున్నాను. మీమీద కోపం కూడా వచ్చింది."

"రానీ తల్లీ, రానీ" అంటూ బూరుల్ కోడలి చెయ్యి కళ్లకద్దుకుని ఏడ్చింది.