ఒక్క అక్షరం చోటు

తాయారు ఇడ్లీలు దించేసరికి సత్తిరాజు గడప మీద కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. నాగకుమారి అద్దం ముందు జడ వేసుకుంటోంది. తమిళుల ఊరైన మూలకుళంలోని ఆ రెండు గదుల ఇంట్లో కొన్నాళ్లుగా తండ్రీ కూతుళ్ల మధ్య మాటలన్నీ తాయారు మీదుగానే నడుస్తున్నాయి.

కారణం కంప్యూటరు. సత్తిరాజు మిల్లు ఆఫీసులో రికార్డు గది గుమాస్తా. ఫైళ్లన్నీ కంప్యూటరుకెక్కించి ఆ గది మూసేస్తారట. ఎక్కించడానికి తీసుకున్నవాళ్లలో నాగకుమారి ఒకతె. ఆమె చేరేది ఇవాళే.

బల్ల మీది గుర్తింపు కార్డు సత్తిరాజు కంటబడింది.

"ఎస్. నాగకుమారి. ఈ ఎస్ ఏంది?" అన్నాడు తాయారుతో.

"దాన్నే అడుగు. నేనేమన్నా కంప్యూటరునా?"

"మనం పసుపులేటోళ్లం. పి యాడ పోయింది?"

నాగకుమారి జడ వదిలేసి వచ్చింది. "ఇనీషియల్‌కి కంప్యూటర్లో ఒక్క అక్షరం చోటే ఉంది నాయనా. ఈ ఊళ్లో అందరికీ అది తండ్రి పేరే."

"అరవోళ్ల మాదిరి ఇంటిపేరు తీసేసినావు. నా గది మూయించింది చాల్లేదా? పి పెట్టించుకునేదాకా ఆ పనికి పోవద్దు."

"ఆ పసుపులేటి ఎవురో నువ్వు చూసినావా, మీ తాత చూసినాడా?" అంది తాయారు. "కన్నబిడ్డ పనికి అడ్డం పడతావా దానికోసం?"

"నువ్వుండమ్మా." నాగకుమారి తల్లిని ఆపింది. "ఇంటిపేరుకో నాయనకో, ఒకరికే చోటుంది. నేను నాయన్ని పెట్టుకున్నా."

సత్తిరాజు చెయ్యి చాచి కార్డు అందుకున్నాడు. "నాదీ నువ్వే ఎక్కిస్తావా?" అన్నాడు నేరుగా కూతురితో.

"ఊ. నీ ఫైల్లో పి ఉంది. అట్లే ఎక్కిస్తా."

"మా నాయన అబ్బులు ఆ మిల్లులోనే నేసి నేసి చచ్చిపోయినాడు. నా పేరు పక్కన ఆయన లేడని ఇన్నేళ్లలో ఒక్కనాడూ తోచలేదు నాకు."

తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తాయారు చూపు తిప్పుకుంది. కాసేపటికి అతను లేచి కార్డు కూతురి చేతిలో పెట్టాడు.

"అక్షరం తేటగానే పడిందిలే. పోయిరా."